వానకన్నా ముందొచ్చే గాలి

2025 ఏప్రిల్ 3న హైదరాబాద్ మీద వాన విరుచుకుపడింది. ఆ వానకు చార్మినార్‌లో భాగ్యలక్ష్మి ఆలయం ఉన్న వైపు మినార్ నుంచి గచ్చు పెచ్చొకటి ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంతకు ఆరేళ్ల ముందు, 2019 మే 1 రాత్రి, మక్కా మసీదు వైపు మినార్ నుంచి కూడా ఇలాగే సున్నపు గచ్చు ముక్క రాలింది. ఇంకా వెనక్కి వెళితే, మొఘల్ సుబేదార్ల కాలంలో నైరుతి మినార్ మీద పిడుగు పడి కూలిందనీ, 60 వేల రూపాయలు ఖర్చుపెట్టి దాన్ని మళ్లీ కట్టించారనీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1591 నుంచి నిలబడ్డ కట్టడం కాబట్టి ఇలాంటి గాయాలు ఉండక తప్పదు. కానీ మన కాలంలో తగిలిన రెండు గాయాల తేదీలు చూడండి. ఒకటి ఏప్రిల్, ఒకటి మే. నైరుతి రుతుపవనాలు ఇంకా కేరళ గడప తొక్కని రోజులవి.

పాతబస్తీకి వాన అనగానే మూసీ గుర్తొస్తుంది. అందులో తప్పేం లేదు. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదను ఇక్కడి కుటుంబాలు తాతల నోట విన్నాయి. అప్పుడు జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదకు నగరం రెండు జలాశయాలతో జవాబు చెప్పింది. ఎండాకాలపు గాలివానకు అలాంటి జవాబు ఏ ఇంజినీరూ కట్టలేడు. అది ముప్పావు గంట ఉండి పోతుంది. మర్నాడు పొద్దున రోడ్డు మీద కొమ్మలు, చిరిగిన ఫ్లెక్సీలు, ఎవరిదో తెలియని ఒక రేకు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి మున్సిపాలిటీ వాళ్లు ఎత్తేస్తారు. సంగతి అక్కడితో మరిచిపోతారు.

అందుకే ఈ గాలి విషయంలో జాగ్రత్త ఎవరి మిద్దె మీద వాళ్లే పడాలి. దానికి రోజుకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు సాయంత్రం దొరకవు, పొద్దున్నే దొరుకుతాయి. ఈ అధ్యాయమంతా ఆ పది నిమిషాల గురించే.

చల్లగాలి ఎక్కడిది?

మార్చి రెండో పక్షం మొదలుకొని దక్కన్ నేల పొద్దంతా పెనంలా కాగుతుంది. మధ్యాహ్నానికి నేలను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడి ఒక్కటే ఉంటే దుమ్ము రేగుతుంది తప్ప ఉరుము రాదు. ఉరుముకు తేమ కావాలి, అది బంగాళాఖాతం వైపు నుంచి వస్తుంది. ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి, సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలి ఎదురుపడే చోట ద్రోణి ఏర్పడుతుంది. ‘విదర్భ నుంచి మరఠ్వాడా, అంతర్గత కర్ణాటక మీదుగా సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి కొనసాగుతోంది’ అన్న తరహా వాక్యం ఏటా ఏప్రిల్, మే నెలల్లో వార్తల్లో వినబడుతూనే ఉంటుంది. చాలామంది చెవులకది ఎవరి ఊరి సంగతో అన్నట్టు తగిలి పోతుంది. నిజానికి హైదరాబాద్ వాళ్లు చెవులు నిక్కించాల్సిన వాక్యం అదే. ఆ ద్రోణి ఉన్నన్నాళ్లు సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడైనా మొగులు కమ్ముకోవచ్చు.

అలా లేచిన మబ్బు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. పైన మంచు తయారవుతుంది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో రోడ్లన్నీ తెల్లబడేలా రాళ్లవాన కురిసింది ఇలాంటి మబ్బు నుంచే. పాతబస్తీకి రాళ్లకన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది మబ్బు కింది నుంచి దూకే గాలి. మబ్బులోంచి జారే చినుకులు కింద ఉన్న పొడిగాలిలో కొంత ఆవిరైపోతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటాయి. దాంతో ఆ గాలి చల్లబడి, బరువెక్కి, నిట్టనిలువునా కిందికి పడుతుంది. నేల తగలగానే ఇక కిందికి పోవడానికి దారి లేక నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. వాన ఇంకా అవతల ఎక్కడో ఉండగానే ఈ గాలి ముందుగా వచ్చి పడుతుంది.

ఈ పడే గాలి ఎంత బలంగా ఉంటుందో ప్రపంచానికి తెలిసింది ఒక విమాన ప్రమాదం వల్ల. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో దిగబోతూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 113 మంది చనిపోయారు. జపాన్‌లో పుట్టి షికాగోలో పనిచేస్తున్న వాతావరణ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజితా ఆ ప్రమాదాన్ని పరిశీలించి, ఉరుముల మబ్బు కింద చిన్న చోటులో ఇంత ఉధృతంగా గాలి దిగగలదని చెప్పాడు. మొదట్లో తోటి శాస్త్రవేత్తలే నమ్మలేదు. ఇప్పుడు పైలట్ల శిక్షణలో అదొక పాఠం. పైలట్‌కు చెప్పే ఆ పాఠాన్ని మిద్దె మీద బట్టలు ఆరేసే ఇల్లాలికి, చార్మినార్ దగ్గర తోపుడు బండి పెట్టుకునే వ్యాపారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వాతావరణ శాస్త్రం లెక్కలో ఈదురుగాలి అంటే గాలి వేగం ఒక్కసారిగా కనీసం 16 నాట్లు పెరిగి, 22 నాట్లకు చేరి, కనీసం ఒక నిమిషం అలా వీచడం. మన లెక్కలో చెప్పుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగం అమాంతం పెరిగి 40 దాటడం. సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది. బైకు మీద 40లో పోతుంటే భయం వేయదు కదా. అయితే గాలి నెట్టే బలం వేగానికి తగ్గట్టు కాక, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 40 నుంచి 60కి పోతే వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండింతలు దాటుతుంది. 60 దగ్గర అది చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువు మోపినట్టు ఉంటుంది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పున్న రేకు మీద అంటే 50 కిలోల పైమాటే. ఆ రేకు సొంత బరువు చూస్తే పది, పదిహేను కిలోలు. పది అడుగులకు ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీదైతే 300 కిలోలు దాటుతుంది. దాన్ని ఆపడానికి నాలుగు మూలలా కట్టిన ప్లాస్టిక్ తాడు సరిపోతుందా లేదా అన్నది ఎవరైనా చెప్పగలరు.

ఎగిరేది మన సామానే

2024 మే 26 ఆదివారం. ఆ సాయంత్రం ఈదురుగాలులు, వాన, పిడుగులతో తెలంగాణలో 13 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు ఎలా చనిపోయారన్నది చదివితే ఒక సంగతి తెలుస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు పోయారు. హైదరాబాద్ హఫీజ్‌పేటలో పక్క భవనం నుంచి ఇటుకలు వచ్చి పడ్డాయి. శామీర్‌పేట వైపు బైకు మీద పోతున్న వాళ్ల మీద చెట్టు కూలింది. పిడుగులకు పోయినవాళ్లూ ఉన్నారు కానీ, ఎక్కువ ప్రాణాలు తీసింది గోడ, ఇటుక, చెట్టు. అదే నెల 7న బాచుపల్లిలో వానకు గోడ కూలి వలస కూలీల కుటుంబాలకు చెందిన ఏడుగురు చనిపోయారు. 2019 ఏప్రిల్ 22న లాల్‌బహదూర్ స్టేడియంలో గాలికి లైట్ల టవర్ కూలి ఒకరు పోయారు. అదే ఏడు జూన్‌లో పాతబస్తీలోనే, బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో చెట్టు కూలి ఒక మహిళ చనిపోయింది. ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న పెట్రోల్ బంకు మీద హోర్డింగ్ కూలిన ఘటనలో 17 మంది పోయారు. ఆ హోర్డింగ్ 120 అడుగుల ఎత్తు, 120 అడుగుల వెడల్పు. ఆ నగరంలో అనుమతి ఉన్న కొలత 40 అడుగులే.

అంటే గాలికి ఆయుధాలు అందించేది మనమే. పాతబస్తీలో ఈ ఆయుధాలకు కొదవ లేదు. ఒకరి మిద్దె గోడకు ఇంకొకరి మిద్దె గోడ ఆనుకుని ఉంటుంది. మీద అద్దె గది కోసమో, వంట కోసమో వేసిన రేకుల షెడ్డు. రేకు లేవకుండా దాని మీద పెట్టిన ఇటుకలు, పాత టైర్లు. నీళ్ల ట్యాంకు. డిష్ గొడుగు. పావురాల షోకు ఉన్నవాళ్ల ఇళ్ల మీద ఎత్తుగా వెదురుబొంగుల మీద నిలబెట్టిన గూళ్లు. ఎప్పటిదో ఎన్నికల ఫ్లెక్సీ చుట్టగా చుట్టి ఓ మూల. వీటిలో ఏది లేచినా పడేది సొంత ఇంటి మీద కాదు. కింద గల్లీలో నడిచేవాడి మీద, లేదా పక్కింటి మంచాల మీద.

అందులోనూ రేకు మీద ఇటుక పెట్టడం ఒక అపోహ. మామూలు గాలికి అది పనిచేస్తుంది కాబట్టే జనం నమ్ముతారు. రేకు అంచు ఒక్కసారి లేచిందంటే ఆ ఇటుక జారి గల్లీలో పడుతుంది. గాలి ఎక్కువగా లాగేది కప్పు మధ్యలో కాదు, అంచుల్లోనూ మూలల్లోనూ. కాబట్టి వెల్డర్‌ను పిలిచినప్పుడు మధ్యలో ఉన్నన్ని హుక్కులే అంచుల్లోనూ వేస్తానంటే ఒప్పుకోకూడదు. మూలల్లో దగ్గర దగ్గరగా వేయమనాలి. తుప్పుపట్టిన హుక్కుల్ని మార్చడం ఫిబ్రవరి పని. ఏప్రిల్‌లో వెల్డర్ దొరకడు.

నీళ్ల ట్యాంకు సంగతి చాలామందికి తట్టదు. 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండుగా ఉంటే అరటన్ను, ఏ గాలీ కదపలేదు. ఖాళీగా ఉంటే ఒక మనిషి భుజాన వేసుకుని మెట్లెక్కే సామాను. నగరంలో చాలా చోట్ల నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లు రాని రోజు సాయంత్రానికి ట్యాంకు అడుగంటుతుంది. గాలి వచ్చేదీ అప్పుడే. మోటారు ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా సగమైనా నింపుకోవాలి. లేనివాళ్లు ట్యాంకు మెడ చుట్టూ తాడు వేసి పిట్టగోడ కమ్మీకో, కాంక్రీట్ దిమ్మెకో బిగించాలి. పైపుకు కట్టకూడదు.

ఇక వేసవిలో తెలుగిళ్ల మిద్దెలు. గౌలిపురా, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, ఛత్రినాక వైపు ఏప్రిల్ వచ్చిందంటే మిద్దెల నిండా వడియాలు, ఎండుమిర్చి, ఆవకాయ కోసం తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు. మొదటి చల్లగాలి తగలగానే కింది నుంచి ఒక కేక వినబడుతుంది: ‘వడియాలు తడుస్తయ్ బిడ్డా, ఉరుకు!’ పిల్లలు మెట్లెక్కి పరుగెత్తుతారు. ఆ పక్క గల్లీలో ‘క్యా మస్త్ హవా చల్‌రీ’ అంటూ కుర్రాళ్లు మిద్దె మీదికి చేరతారు. పొద్దంతా 40 డిగ్రీల్లో ఉడికిన ఒంటికి ఆ గాలి ప్రాణం లేచివచ్చినట్టే ఉంటుంది, వాళ్లనేం అనగలం! అయితే రేకులు లేచేదీ, పిట్టగోడ ఇటుకలు రాలేదీ, చాలాసార్లు మొదటి పిడుగు పడేదీ సరిగ్గా అప్పుడే. వాన మొదలైతే అందరూ లోపలికి పోతారు. వాన రాకముందు ఆ కాసేపు మాత్రం మొత్తం బస్తీ మిద్దెల మీద ఉంటుంది.

దీనికి మందు మనుషుల్ని తిట్టడం కాదు, వేళ మార్చడం. ద్రోణి ఉందని చెప్పిన రోజుల్లో వడియాలు, మిర్చి మధ్యాహ్నం మూడున్నరకే దించెయ్యాలి. ఏప్రిల్ ఎండకు అప్పటికే చాలినంత ఎండుతాయి. బట్టలూ అంతే. అప్పుడు గాలి వచ్చినా మిద్దె మీదికి పోవాల్సిన పనే ఉండదు. పొద్దున మిద్దె ఊడ్చేటప్పుడు వదులుగా కనిపించిన ప్రతి వస్తువునూ, అంటే విరిగిన కుర్చీ, ప్లైవుడ్ ముక్క, ఖాళీ పెయింట్ డబ్బా, కింది గదికి తేవడమో కట్టేయడమో చేస్తే ఆ పది నిమిషాల్లో తొమ్మిది అయిపోయినట్టే. మిగిలిన ఒక్క నిమిషం ఫోన్‌లో బులెటిన్ చూడటానికి.

బులెటిన్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా రాబోయే రోజులకు రంగులు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే ఏమీ చేయనక్కర్లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే పని మొదలుపెట్టాలి. దానితోపాటు ‘ఉరుములు, మెరుపులు, గంటకు 30–40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అన్న మాట ఉంటుంది. ఎక్కువమంది రంగు చూసి వదిలేస్తారు. నిజంగా చదవాల్సింది గాలి వేగం. 30–40 అని ఉన్న చోట 40–50 అనో 50–60 అనో కనిపించిందంటే ఆ పూట షామియానా వేయాలా వద్దా అన్న ఆలోచన మొదలుపెట్టాలి.

‘ఎల్లో అన్నారు, చుక్క పడలేదు’ అన్న వెటకారం ప్రతి చాయ్ హోటల్లోనూ వినిపిస్తుంది. వాతావరణ శాఖను అంత తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. ఉరుముల మబ్బు ఒక్కోటి ఐదారు కిలోమీటర్ల మేర ఉంటుంది. హెచ్చరిక ఇచ్చేది జిల్లా మొత్తానికి. ఫలక్‌నుమాలో చెట్లు విరిగిన సాయంత్రం సికింద్రాబాద్‌లో దుమ్ము కూడా అణగకపోవచ్చు, రెండు చోట్లకూ ఒకే పసుపు రంగు ఇచ్చి ఉంటారు. ముందురోజే గల్లీ పేరు చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు.

కాబట్టి హెచ్చరిక నిజమవుతుందా లేదా అని పందెం కట్టడం మానేసి, ఖర్చు లెక్క వేసుకోవడం మేలు. లాడ్‌బజార్ బయట బండి మీద గాజులు అమ్మే మనిషిని తీసుకుందాం. పసుపు రంగు ఇచ్చిన పది రోజుల్లో రెండు రోజులే అతని దాకా గాలి వచ్చిందనుకుందాం. గొడుగు మడిచి, అద్దాల పెట్టెకు గుడ్డ చుట్టి, చక్రాలకు రాళ్లు పెట్టడానికి అతనికి పది నిమిషాలు పడుతుంది. వృథా అయిన ఎనిమిది రోజుల శ్రమ కలిపితే గంటా ఇరవై నిమిషాలు. మిగతా రెండు రోజుల్లో బండి బోర్లా పడకుండా మిగిలింది నెల సంపాదన. ఇలా లెక్క వేయడం అలవాటైతే తప్పిన హెచ్చరికల మీద కోపం రాదు.

ముందురోజు బులెటిన్ రోజు ఎలాంటిదో చెబితే, గంట సంగతి చెప్పేది మరో రకం హెచ్చరిక. రాడార్ చూసి రాబోయే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చేది అది. ఉరుములు మొదలయ్యాక ఆధారపడాల్సింది దీనిమీదే. పిడుగుకైతే పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ ఉంది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. ఇంట్లో ఒక్క ఫోన్‌లో పెట్టుకుంటే చాలు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు కళ్లు, చెవులు ఉన్నాయి. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పైలోపే ఉరిమిందంటే పది కిలోమీటర్ల లోపలికి వచ్చేసింది, మిద్దె దిగాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాకే మళ్లీ పైకి పోవాలి.

పిడుగు గురించి ఇంకో మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రకృతి విపత్తుల మరణాల్లో మూడో వంతుకు పైగా ఇవే. ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్లు. పాతబస్తీలో పొలాలు లేవు, కానీ మిద్దె మీద ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డవాడు, మీరాలం చెరువు గట్టు మీద చెట్టు కింద ఆగినవాడు కూడా అంతే అపాయంలో ఉన్నట్టు. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు మబ్బు పట్టగానే తీసెయ్యాలి. పిడుగులు పడుతుండగా వాటి జోలికి, నల్లాల జోలికి పోకూడదు.

బజారులో చిక్కుకున్నప్పుడు

ఇంట్లో ఉన్నవాడికి తలుపు ఉంది. సాయంత్రం ఆరింటికి మదీనా నుంచి చార్మినార్ దాకా ఉన్న జనానికి ఏముంది? మార్చిలో రంజాన్ పడ్డ సంవత్సరాల్లో, పెళ్లిళ్ల ముహూర్తాల వేళ ఈ దారిలో కాలు పెట్టే సందుండదు. వాన మొదలవగానే అందరూ చేసే పని దగ్గర్లో ఏ కప్పు కనిపిస్తే దాని కిందికి దూరడం. ఆ కప్పు ఫ్లెక్సీ అయినా సరే, రేకు అయినా సరే, సగం విరిగిన ఛజ్జా అయినా సరే. తడిసిపోతామన్న తొందరలో తల మీద ఏముందో చూడరు. తడిస్తే ఆరుతుంది కదా! రాతి కమాన్ల పత్తర్‌గట్టి దుకాణాల వరండాలోకో, పక్కా కప్పున్న దుకాణంలోకో నాలుగడుగులు ఎక్కువ వేసి వెళ్లడం మేలు. చార్మినార్ మినార్ల కింద, దాని చుట్టూ ఉన్న కటకటాల పక్కన నిలబడటం ఎందుకు వద్దో మొదట్లో చెప్పుకున్న గచ్చు పెచ్చులే సాక్ష్యం. బైకు మీద ఉన్నవాళ్లు చెట్టు కిందా హోర్డింగ్ కిందా ఆగకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2020లోనే నగరంలో నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటన బోర్డులు వద్దని ఉత్తర్వు ఇచ్చింది. అయినా తల ఎత్తి చూస్తే కనిపించేదేమిటో నగరవాసులకు చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య పాతబస్తీకి కొత్తగా వచ్చిన అపాయం ఒకటుంది. చాంద్రాయణగుట్ట మెట్రో మార్గం కోసం 2025 జనవరి నుంచి దారుల్‌షిఫా, షాలిబండ రోడ్డు వెంట ఇళ్లు, దుకాణాలు కొంతమేర కూల్చడం మొదలైంది. అలా కోసిన భవనాల్లో నిన్నటిదాకా లోపలి గోడలుగా ఉన్నవి ఇవాళ బయటి గోడలయ్యాయి. గాలికీ వానకూ తట్టుకోవాలని వాటిని ఎవరూ కట్టలేదు. ప్లాస్టరింగ్ లేదు, పైన పట్టు లేదు. అలాంటి గోడ పక్కన బండి పెట్టుకునేవాళ్లు గాలి రోజుల్లో ఎదుటి వైపుకు మారితే మంచిది. కూలే స్థితిలో ఉన్న భవనాలను మున్సిపల్ అధికారులు ఏటా వానాకాలం ముందు గుర్తించి నోటీసులు ఇస్తారు. ఆ పని మార్చికి జరిపితే బాగుంటుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి బండ్లగూడలో ఇళ్ల మీద గోడ కూలి చిన్నపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. గోడలకు ఏది వానాకాలమో తెలియదు.

పెళ్లి పందిళ్ల వాళ్లకు కూడా ఒక మాట చెప్పుకోవాలి. షామియానాకు నాలుగు వైపులా గుడ్డ కట్టేస్తే గాలి లోపల చిక్కుకుని మొత్తాన్ని పైకి లేపుతుంది. నారింజ రంగు ఇచ్చిన రోజున పక్క గుడ్డలు కట్టకుండా వదిలెయ్యాలి, లైట్ల స్తంభాలు మనుషులు కూర్చునే వైపు ఉండకూడదు. వంట గాడిపొయ్యిలు పందిరికి దూరంగా పెట్టించాలి. డెకరేషన్ కాంట్రాక్టర్ వీటికి ఒప్పుకోడు, అందం పోతుందంటాడు. పెళ్లిపెద్ద గట్టిగా చెప్పాల్సిన ఒక్క మాట ఇదే.

గాలి వెలిశాక

గాలివాన ఆగాక జరిగే ప్రమాదాలు తీగల వల్ల. పాతబస్తీ గల్లీల్లో కరెంటు స్తంభం కనిపించదు, దానికి వేలాడే కేబుళ్ల గుత్తి కనిపిస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక స్తంభాలపై కేబుళ్లు తీసేయడం మొదలుపెట్టారు, కొన్ని రోజులు గొడవ కూడా నడిచింది. కింద పడ్డ తీగ కేబుల్ టీవీదో కరెంటుదో చూసి చెప్పగలమనుకోకూడదు. గల్లీ అంతా చీకటిగా ఉంది కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. లైను ఏ క్షణమైనా మళ్లీ ఎక్కించవచ్చు. నీళ్లు నిలిచిన చోట తీగ పడితే ఆ నీళ్లలో కాలు పెట్టకూడదు. పిల్లల్ని ఆపి, 1912కు ఫోన్ చేయాలి. చెట్టు పడితే, గోడ ఒరిగితే మున్సిపల్ కంట్రోల్ రూమ్ నంబరు 040-21111111. మనుషులకు దెబ్బలు తగిలితే 108, ఇంకేదైనా అయితే 112. ఈ నాలుగు నంబర్లు తలుపు వెనక మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే అప్పటికి ఫోన్ బ్యాటరీ అయిపోయి పక్కింటి వాళ్ల ఫోన్ అడగాల్సి రావచ్చు.

ఒక రోజు గాలివాన వచ్చి వెళ్లింది కాబట్టి గండం గడిచిందనుకుని మర్నాడు మిద్దె మళ్లీ వస్తువులతో నింపేవాళ్లే ఎక్కువ. ద్రోణి ఒక పూటకు పోదు, రెండు మూడు రోజులు అక్కడే ఉంటుంది. కురిసిన వాన నేలకు తేమనిచ్చింది, ఎండ మళ్లీ కాస్తుంది. నిన్న సగం లేచి ఆగిపోయిన రేకు, పట్టు వదిలిన ఇటుక, ఒరిగిన పావురాల గూడు ఆ రెండో సాయంత్రానికి సిద్ధంగా ఉంటాయి. కాబట్టి గాలివాన మర్నాడు పొద్దున నిలిచిన నీళ్లు చీపురుతో తోసేటప్పుడే రేకుల అంచులు చేత్తో ఊపి చూడాలి. కదిలినదాన్ని తాత్కాలికంగా ఇనుప తీగతో బిగించి, వెల్డర్‌కు అప్పుడే ఫోన్ చేయాలి. అతను పదకొండు దాటితే ఎండకు రేకు మీద చెయ్యి పెట్టలేనంటాడు.